పొలిమేర అవతలి ఓటు

కామారెడ్డి జిల్లా డోంగ్లి, మహారాష్ట్ర సరిహద్దు మండలం. తెలుగుతో పాటు మరాఠీ కూడా వినిపించే చోటు. మళ్లీ ఓ తెలుగువాడు ప్రధాని అవుతాడా అన్న చర్చకు ఇంతకన్నా తగిన ఊరుండదేమో!

ఎందుకంటే, ఆ పీఠమెక్కిన ఏకైక తెలుగువాడు పి.వి.నరసింహారావు 1984లో హన్మకొండలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఆయన్ని గెలిపించింది మహారాష్ట్రలోని రాంటెక్. 1989లోనూ అంతే. మరాఠీ నవలను 'అబల జీవితం'గా తెలుగు చేసినాయనకు అక్కడి భాష కొత్తకాదు మరి. మనవాళ్లు మళ్లీ జేజేలు కొట్టింది ప్రధాని అయ్యాకే. 1991 నంద్యాల ఉప ఎన్నికలో తెలుగుదేశం పోటీకే దిగలేదు, మెజారిటీ 5 లక్షలు దాటింది.

అమెరికా జనాభాలో దాదాపు అయిదో వంతున్న లాటినోలదీ ఇదే చిక్కు. వాళ్లలో ఒక్కరూ ఇంతవరకూ అధ్యక్షులు కాలేదు. 2016 రిపబ్లికన్ పోటీలో క్యూబా మూలాలున్న టెడ్ క్రూజ్ తొలి గెలుపు అందుకున్నది లాటినోలు తక్కువగా ఉండే అయోవాలో. అవే మూలాలున్న మార్కో రూబియో సొంత రాష్ట్రం ఫ్లోరిడాలోనే ట్రంప్ చేతిలో ఓడారు.

తెలుగు రాష్ట్రాల లోక్‌సభ స్థానాలు 25, 17... వెరసి 42. ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి పనికొస్తాయి, కూల్చడానికీ పనికొస్తాయి. ప్రధాని కావడానికి మాత్రం 272 కావాలి. డోంగ్లి ఓటు జహీరాబాద్ లెక్కలోకి వెళ్తుంది. పొలిమేర దాటితే నాందేడ్ జిల్లా.