దారి మళ్లిన బండ్లు

సంక్రాంతికి, దసరాకు సీమ పల్లెలకు వచ్చినవాళ్లంతా ఒక్కసారే బెంగళూరుకు తిరుగుముఖం పడతారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ దాటాక బండ్లు బారులు తీరితే, చేతిలోని ఫోను ఇంకో దారి చూపిస్తుంది. సోమందేపల్లి దగ్గర కుడికి తిరగమంటుంది, లేదంటే కొడికొండ చెక్‌పోస్టు నుంచి లేపాక్షి మీదుగా పొమ్మంటుంది. హిందూపురం చేరితే గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం, యలహంక.

ఫోను లెక్కగట్టేది కారులో ఉన్నవాడి నిమిషాలనే. తెల్లారేసరికి పట్టుగూళ్ల సంచులతో హిందూపురం మార్కెట్‌కు చేరాల్సిన రైతు నిమిషాలు అందులో లేవు. సాయంత్రం మంద తోలుకొచ్చే గొర్రెల కాపరి, సైకిల్ మీద బడి నుంచి వచ్చే పిల్ల ఆ లెక్కలోకే రారు. ఇటు ధర్మవరంలో పట్టు చీరల మూట వెనక కట్టుకుని మోపెడ్ మీద వెళ్లే నేత కార్మికుడూ అంతే. కోతల రోజుల్లో రాగి కంకులు, ఉలవ కట్టెలు రోడ్డు మీదే పరుస్తారు. అది ప్రమాదమే, మానుకోవాల్సిందే. కానీ ఊరికో కల్లం కట్టివ్వకుండా రైతును తిట్టి లాభం లేదు.

ఎవరికి వారు తమకు త్వరగా చేరుస్తుందనుకున్న దారి పట్టే చోట, కొత్తగా ఒక దారి కలిపితే అందరి ప్రయాణమూ ఆలస్యం కావచ్చని జర్మన్ గణితవేత్త డీట్రిచ్ బ్రెస్ 1968లోనే చూపించాడు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని లియోనియా అనే చిన్న ఊరు, జార్జి వాషింగ్టన్ వంతెనకు పోయే కార్ల తాకిడి భరించలేక, 2018 జనవరిలో రద్దీ వేళల్లో తన వీధులను బయటివాళ్లకు మూసేసింది. అది చెల్లదని ఆ ఏడాదే కోర్టు తేల్చింది. ఆ ఊరి బాధ మనకు అర్థమవుతుంది, కానీ దారికి తలుపు పెట్టడం మన పద్ధతి కాదు. హిందూపురం పెరిగిందే వచ్చేపోయే బండ్ల వల్ల. చింతపండు, బెల్లం అమ్మినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

దారి మూయకుండానే చేయగలిగినవి ఉన్నాయి. పండగ మర్నాడు సోమందేపల్లి, కొడికొండ మలుపుల దగ్గర పోలీసులు నిలబడి, బెంగళూరుకు పోయే బరువు లారీలను పెద్ద రోడ్డు మీదే ఉంచవచ్చు. ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. షిఫ్టు మారే వేళ పెనుకొండ చుట్టుపక్కల ఎంత సందడో అధికారులకు తెలియనిది కాదు; ఆ వేళల్లోనూ ఇదే పద్ధతి పాటించవచ్చు. బడి ముందు, ఊరి మొదట్లో స్పీడ్‌బ్రేకర్లకు తెల్ల రంగు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇక కారులో ఉన్నవాళ్లను అడిగేది ఒక్కటే: మంద దాటేదాకా హారన్ కొట్టకండి.