కైసరు నీడలో సంఘము



ప్రభురాత్రి భోజన ఆరాధనలో మనము లేచి నిలిచి చెప్పే నైసియా విశ్వాస ప్రమాణమునకు మూలము ఒక చక్రవర్తి పిలిచిన సభ. క్రీ.శ. 313లో కాన్‌స్టంటైన్, అతని తోటి పాలకుడు లిసీనియస్ క్రైస్తవులకు ఆరాధన స్వేచ్ఛ ఇచ్చారు. హింసలు పడిన సంఘమునకు అది గొప్ప విడుదల. అయితే అలెగ్జాండ్రియా సంఘపు పెద్దయైన అరియస్, కుమారుడు సృష్టింపబడినవాడే అని బోధించగా చీలిక పుట్టింది. సంఘము చీలితే సామ్రాజ్యమునకు కూడా చేటని తలచి, చక్రవర్తి 325లో బిషప్పులను నైసియాకు రప్పించాడు. కుమారుడు తండ్రితో ఏకతత్వము గలవాడని సభ తేల్చింది. అరియస్‌ను చక్రవర్తి దేశము నుండి వెళ్లగొట్టాడు.

కొన్నేళ్లకే అరియస్‌కు తిరిగి దయ దొరికింది. నైసియా విశ్వాసము కొరకు నిలిచిన అథనేసియస్ బిషప్పు 335లో ప్రవాసమునకు పోయాడు. తరువాతి చక్రవర్తుల కాలములోను వెళ్లగొట్టబడి, మొత్తము అయిదుసార్లు తన సంఘమునకు దూరమయ్యాడు. సత్యము మారలేదు, రాజుగారి మనసే మారింది. రాజు ఖడ్గమును నమ్ముకొన్న సంఘము, అది తన వైపు తిరిగిన రోజున ఏమి చేస్తుంది?

ఇది ఎక్కడో జరిగిన పాత సంగతి అనుకోవద్దు. ఇదే ప్రశ్న మన మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు కూడా వచ్చింది. తెల్లదొరల పాలనలో ఇక్కడి ఆంగ్లికన్ సంఘము ఇంగ్లండు రాజ్యముతో ముడిపడి ఉండేది. ఆ ముడి 1930లో గాని వీడలేదు. 1912లో కలకత్తాలో అభిషేకము పొంది, ఆ సంఘములో మొదటి భారతీయ బిషప్పయిన వి.యస్. అజరయ్యగారు అప్పుడు డోర్నకల్ అధ్యక్షులు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వము మతముల వారీగా ప్రత్యేక నియోజకవర్గములు ప్రకటించినప్పుడు, క్రైస్తవులకు అవి వద్దని ఆయన వాదించారు. సీట్లు వస్తాయి గాని, సంఘము ఒక రాజకీయ వర్గమవుతుంది. సువార్త చెప్పబోతే ఓట్ల లెక్క కొరకు వచ్చారంటారు అన్నది ఆయన భయము. ఆయన మాట చెల్లలేదు. 1935 చట్టము ఆ సీట్లు ఇచ్చింది. అయినా ఆ హెచ్చరిక మనకు మిగిలింది.

అయితే హక్కులు అడుగుట తప్పని మేము చెప్పడము లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వలన దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా లేకపోయింది. ఆ న్యాయము కొరకు అడుగుట ధర్మమే. న్యాయము అడుగుట వేరు, సంఘమును మూటగట్టి అమ్ముట వేరు. 390లో థెస్సలొనీకలో ప్రజలను చంపించిన థియోడోషియస్ చక్రవర్తిని, పశ్చాత్తాపపడనిదే ప్రభువు బల్లకు రానివ్వనని మిలాను బిషప్పు ఆంబ్రోస్ చెప్పాడు. రాజు దగ్గర మేలు ఆశించి మెలిగే నోటికి ఆ మాట రాదు.

జనగామ మొదలు భూపాలపల్లి వరకు, ఎన్నికలు వచ్చినప్పుడు అభ్యర్థులు మన గుడి గడప తొక్కుతారు. కుర్చీ వేయండి, మంచినీళ్లివ్వండి, పాలకుల కొరకు ప్రార్థించండి. ప్రసంగ పీఠము మాత్రము ఇవ్వవద్దు. ప్రహరీ గోడకో, మైకుసెట్టుకో సంఘము ఓట్లను మాట ఇచ్చే అధికారము కాపరికి గాని పెద్దలకు గాని లేదు. ఎవరి ఓటు వారి మనస్సాక్షిది.

అట్టి వివేకమును ప్రభువు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.