టైరు ధర నిర్ణయించేది ఎవరు?

బండి టైరు ఆన్‌లైన్‌లో కొనాలా, ఊళ్లో షాపులో కొనాలా? ఈ ప్రశ్న ఇప్పుడు మన యువకుల కబుర్లలోనే కాదు, సంఘ కమిటీల్లో కూడా వస్తోంది. ఆదివారం ఒక్క రోజే రెండు మూడు గ్రామాల్లో ఆరాధన జరిపించే కాపరికి బండే కాళ్లు. ఆ బండికి రెండు టైర్లూ మార్చాలంటే కానుకల డబ్బులోంచి కొన్ని వేలు పక్కకు తీయాలి. ఫోనులో ఒక ధర కనిపిస్తుంది, బజారులో షాపువాడు ఇంకో ధర చెబుతాడు. తేడా రెండు మూడు వందలున్నా చాలు, "మనవాడే మనల్ని ముంచుతున్నాడు" అనే మాట వచ్చేస్తుంది.

ఆ మాట చాలాసార్లు అన్యాయం. షాపు కౌంటరు దగ్గర మనం బేరమాడే ధరలో షాపువాడి చేతిలో ఉండేది చివరి కొద్ది భాగమే. మిగతాదంతా అంతకుముందే, ఇంకెక్కడో తేలిపోయి ఉంటుంది.

సరుకు నడిచే దారి చూద్దాం. కంపెనీ నుంచి పెద్ద డీలరుకు, అక్కడి నుంచి చిన్న షాపుకు, ఒక్కోసారి షాపు నుంచి పంక్చర్లు వేసే కుర్రాడి దగ్గరికి టైరు వస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా కొంత లాభం కలుస్తుంది. ఎక్కువ సరుకు తీసే డీలరుకు కంపెనీ ఎక్కువ తగ్గింపు ఇస్తుంది. మండల కేంద్రంలో నెలకు పది టైర్లు అమ్మే దుకాణానికి ఆ తగ్గింపు అందదు. ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించే టైరును అమ్మేది చాలాసార్లు ఇంకో నగరంలోని పెద్ద డీలరే. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ వేదికలు తామే సరుకు నిల్వ పెట్టుకుని అమ్మకూడదనీ, ధరలను ప్రభావితం చేయకూడదనీ మన దేశంలో నిబంధన ఉంది. 2019 ఫిబ్రవరి నుంచి దాన్ని మరింత బిగించారు. అంటే ఫోనులో కనిపించే ధర వెనుక కూడా ఒక దుకాణదారుడే ఉన్నాడు. అతడికి కంపెనీ ఇచ్చిన రేటు మన ఊరివాడికి ఇచ్చిన రేటు కంటే తక్కువ, అంతే తేడా.

అప్పుడు అసలు ప్రశ్న కంపెనీ ధరల విధానం దగ్గరికి పోతుంది. ఇక్కడ మన దేశంలో జరిగిన రెండు వ్యవహారాలు తెలుసుకోదగినవి.

మొదటిది టైర్ల కేసే. దేశంలోని పెద్ద టైరు కంపెనీలు తమలో తాము కుమ్మక్కై ధరలు నిర్ణయిస్తున్నాయని కేంద్ర ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది కొనుగోలుదారులు కాదు, అఖిల భారత టైరు డీలర్ల సమాఖ్య. షాపులవాళ్లే! కేంద్రం ఆ విషయాన్ని కాంపిటీషన్ కమిషన్‌కు పంపింది. ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే, బిర్లా అనే అయిదు కంపెనీలు తమ సంఘం వేదికగా ధరల సమాచారం ఇచ్చిపుచ్చుకుని, 2011-12లో ఉమ్మడిగా ధరల నిర్ణయాలు తీసుకున్నాయని కమిషన్ తేల్చింది. మొత్తం రూ.1,788 కోట్ల జరిమానా వేసింది. అందులో ఎంఆర్ఎఫ్ ఒక్కదానిదే రూ.622 కోట్లు.

ఆ ఉత్తర్వు తేదీ 2018 ఆగస్టు 31. అది జనానికి తెలిసింది 2022 ఫిబ్రవరిలో. మధ్యలో మూడున్నరేళ్లు అది కోర్టు ఆదేశం కారణంగా సీలు కవరులో ఉండిపోయింది. మద్రాసు హైకోర్టులో, ఆ తర్వాత సుప్రీంకోర్టులో కంపెనీల అభ్యంతరాలు వీగిపోయాకే బయటపడింది. కంపెనీలు ఆరోపణలను ఒప్పుకోలేదు, అప్పీలుకు వెళ్లాయి. 2022 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ కేసును మళ్లీ పరిశీలించమని కమిషన్‌కే తిప్పి పంపింది. ధరలు పెరిగాయన్న ఆరోపణ 2011-12 నాటిది. అప్పుడు టైర్లు కొన్న లారీ యజమానుల్లో కొందరు ఇప్పటికి లారీలు అమ్మేసి కూడా ఉంటారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ కేసు లారీ, బస్సు టైర్లలో ఒక రకానికి సంబంధించినది, మోటారుసైకిలు టైర్లది కాదు. బైకు టైర్ల విషయంలో కూడా అలాగే జరిగిందని ఎవరూ రుజువు చేయలేదు, మనం అనకూడదు కూడా. కానీ అవే కంపెనీల్లో చాలావరకు బైకు టైర్లూ చేస్తాయి. టైర్ల వ్యాపారంలో పెద్ద పేర్లు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. పైగా 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని, మోటారుసైకిలు టైర్లతో సహా, అనుమతి ఉంటేనే తేగలిగే జాబితాలోకి మార్చింది. దేశీయ పరిశ్రమను కాపాడటం మంచిదే. సదాశివపేటలోని ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీలోనూ, తిరుపతి జిల్లా చినపాండూరులోని అపోలో ఫ్యాక్టరీలోనూ పనిచేసేవాళ్లు మనవాళ్లే. అయితే బయటినుంచి పోటీ తగ్గిన చోట లోపలి కంపెనీల మీద నిఘా పెరగాలి. అది పెరగలేదన్నదే మా అభ్యంతరం.

రెండో వ్యవహారం కార్లది. కానీ షాపువాడి పరిస్థితి అర్థం కావాలంటే ఇది ఇంకా బాగా పనికొస్తుంది. డీలర్లు తాము చెప్పిన హద్దు దాటి కొనుగోలుదారులకు తగ్గింపు ఇవ్వకుండా మారుతీ సుజుకీ కట్టడి చేసిందని 2021 ఆగస్టులో కమిషన్ తేల్చి రూ.200 కోట్ల జరిమానా వేసింది. కొనుగోలుదారుల వేషంలో మనుషులను షోరూములకు పంపి, ఎవరు ఎక్కువ తగ్గిస్తున్నారో కనిపెట్టి, దొరికిన డీలరుకు జరిమానా వేసేవారని ఆ ఉత్తర్వు చెబుతోంది. కంపెనీ దీనిమీద కూడా అప్పీలుకు వెళ్లింది.

2002 నాటి పోటీ చట్టం మూడో సెక్షనులో దీనికి ఒక పేరుంది: తిరిగి అమ్మే ధరను కట్టడి చేయడం. సరుకును డీలరు డబ్బిచ్చి కొనుక్కున్నాక దాన్ని ఎంత తక్కువకు అమ్ముకోవాలన్నది అతడి ఇష్టం. కంపెనీ ఎం.ఆర్.పి. వేయవచ్చు. అది పై హద్దు, అంతకు మించి అమ్మకూడదు. కింది హద్దు గీసి, దానివల్ల పోటీ దెబ్బతింటే అది చట్టవిరుద్ధం. మన జనంలో చాలామందికి ఎం.ఆర్.పి. అంటే "ప్రభుత్వం పెట్టిన రేటు" అనే భ్రమ ఉంది. అది కంపెనీ పెట్టుకున్న రేటు. బేరం అక్కడి నుంచి కిందికి మొదలవుతుంది.

అమెరికాలో ఉన్న మన విశ్వాసులకు ఈ సంగతి ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడ కంపెనీలు "ఇంతకంటే తక్కువ ధరను ప్రకటనలో చూపకూడదు" అని బాహాటంగానే నియమం పెడతాయి. అందుకే ఒకే టైరు పది వెబ్‌సైట్లలో ఒకే ధరకు కనిపిస్తుంది. కనీస అమ్మకం ధరను కంపెనీ నిర్ణయించడం దానంతటదే నేరమన్న 1911 నాటి తీర్పును అక్కడి సుప్రీంకోర్టు 2007లో 5-4 తేడాతో పక్కనబెట్టి, ప్రతి కేసునూ దాని మంచిచెడ్డలను బట్టి చూడాలంది. కంపెనీల వాదన ఏమిటంటే, వెబ్‌సైట్లు ధర నరికేస్తే సరుకు చూపించి, వివరించి, బిగించే స్థానిక షాపు బతకదని. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ షాపును బతికించే భారం కొనేవాడి జేబు మీదే ఎందుకు పడాలి? చిన్న షాపుకూ పెద్ద డీలరుకూ కంపెనీ ఇచ్చే రేట్ల మధ్య దూరం తగ్గించినా షాపు బతుకుతుంది కదా.

ఇక మన బజారుకు వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపక ముందు రూ.2,000 ఉన్న టైరు అంతకుముందు రూ.2,560 పడేది, ఇప్పుడు రూ.2,360 పడాలి. రెండు వందలు తగ్గాలి. బిల్లు అడగండి, అందులో పన్ను శాతం చూడండి. "బిల్లు లేకపోతే ఇంకో వంద తగ్గిస్తా" అనే బేరానికి ఒప్పుకుంటే రేపు టైరు పక్కన బుడిపె లేచినప్పుడు కంపెనీ ముందు పెట్టడానికి మన దగ్గర కాగితం ఉండదు.

టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. షాపులో ఇది కళ్లతో చూసి కొనవచ్చు. ఆన్‌లైన్‌లో టైరు ఇంటికొచ్చేదాకా తెలియదు. మరీ చౌకగా వచ్చిన టైరు ఒక్కోసారి గోదాములో ముదిరిన సరుకు అయివుంటుంది. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. సైజు కూడా జాగ్రత్త. యాక్టివా 6జీకి ముందు చక్రం 90/90-12, వెనుక చక్రం 90/100-10. ఇలాంటివి తారుమారై తిప్పి పంపాల్సివస్తే మిగిలిన డబ్బు కాస్తా పోతుంది. ఆపైన బిగింపు. ఫోనులో కొన్న టైరు చేత్తో పట్టుకుని షాపుకు వెళ్తే బిగించనంటాడు, లేదా ఎక్కువ అడుగుతాడు. అడిగితే తప్పేం లేదు. అమ్మకం మీద వచ్చే లాభం పోయినవాడికి చెమటకైనా కూలి దక్కాలి. ఈ లెక్కలన్నీ కలిపాక కూడా ఆన్‌లైన్‌లోనే చౌక అయితే అక్కడే కొనండి, అది పాపమేమీ కాదు. కానీ ఆ ధర తెరమీద చూపించి మన షాపువాణ్ణి అడగండి. చాలాసార్లు అతడు దగ్గరికి వస్తాడు. రాలేకపోతే, తనకు ఏ రేటుకు పడుతోందో అతణ్ణే చెప్పమనండి. ఆ సంభాషణ మనకు చాలా నేర్పుతుంది.

ఈ కొన్ని వందల గురించి ఇంత రాయడానికి కారణం ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. అందులో ఎన్ని ప్రాణాలు అరిగిన టైర్ల వల్ల పోయాయో ఆ లెక్కలో విడిగా చెప్పలేం. కానీ ధర ఎక్కువైతే మనిషి చేసే మొదటి పని ఏమిటో మనందరికీ తెలుసు: "ఈ వానాకాలం గడిచాక చూద్దాంలే" అనుకోవడం. బైకు టైరు గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలని మోటారు వాహనాల నిబంధన చెబుతోంది. ఆ హద్దు దాటి, గాళ్లు చెరిగిపోయి నున్నగా మారిన టైర్లతో తడిసిన రోడ్డు మీద భార్యాబిడ్డలను ఎక్కించుకుని ఆరాధనకు వచ్చే కుటుంబాలు మన ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో నిలిపిన బండ్లను ఒకసారి చూస్తే తెలుస్తుంది.

ధర విషయంలో ఫిర్యాదు ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. జీఎస్టీ తగ్గినా ధర తగ్గించని షాపు, ఎం.ఆర్.పి.కి మించి అడిగిన షాపు గురించి అక్కడ చెప్పవచ్చు. కంపెనీల కుమ్మక్కు మీదైతే కాంపిటీషన్ కమిషన్‌కు వెళ్లాలి. అక్కడ ఒక వ్యక్తి ఫిర్యాదు దాఖలు చేయడానికి రుసుము రూ.5,000. రెండు టైర్ల ఖరీదు కంటే ఎక్కువ! మామూలు మనిషి ఒంటరిగా ఆ గడప తొక్కడు. వినియోగదారుల సంఘాలకూ, ట్రస్టులకూ ఆ రుసుము రూ.10,000. అయినా నలుగురూ కలిస్తే అది భారం కాదు. లారీ టైర్ల మీద ఆనాడు డీలర్ల సమాఖ్య చేసిన పనిని బైకు టైర్ల విషయంలో జిల్లా స్థాయి డీలర్లూ వినియోగదారుల సంఘాలూ కలిసి చేయవచ్చు. అందుకు కావలసింది రెండు మూడేళ్ల బిల్లులు, కంపెనీలు పంపిన రేట్ల పట్టీలు, ఒకే వారంలో అందరూ ఒకేలా ధర పెంచిన తేదీలు. అవి మన బజారులోని షాపుల సొరుగుల్లోనే ఉన్నాయి.