మెదకు చర్చి మనది కాదా?

లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్రములను చూపి, ఇవి తెలుగువారి కళాసంపద యని గర్వింతుము. మెదకు చర్చిని చూచి వచ్చినవారు మాత్రము ‘అచ్చముగ సీమలోని కట్టడమే’ యని మెచ్చుకొని యూరకుందురు. ఆ మెప్పులోనే దానిని పరాయిదిగ నెంచు భావము దాగియున్నది. ఇది విచారింపదగిన విషయము.

శైలి పరాయిదైనంత మాత్రమున వస్తువు పరాయిది కానక్కరలేదు. ఇందులకు భాషయే సాక్షి. ‘కుర్చీ’ అరబ్బీనుండి, ‘బొత్తాము’ పోర్చుగీసునుండి వచ్చినవి. వానిని తెలుగు కాదని వెలివేయువా రెవరు? దొరవారిసత్రమను ఊరు కలదు. ‘దొర’ తెలుగు, ‘సత్రము’ సంస్కృతము. ఆ యూరివారి నోట ఈ రెంటి నడుమ అతుకు కానరాదు.

కట్టడములందును ఇదియే న్యాయము. ఇటలీలోని అసిసీ కొండమీది యూరు. అచ్చటి సెయింట్ ఫ్రాన్సిస్ ఆలయమునకు 1228లో పునాది పడినది. దాని గాథిక్ వంపులకు ఒరవడి ఫ్రాన్సు దేశము. ఐనను దానిని పరాయి కట్టడమని ఇటలీవా రనరు. 1997 సెప్టెంబరు 26న భూకంపమునకు కప్పు కొంత కూలి నలుగురు మరణించిరి; కప్పుమీది చిత్రములు వేలకొలది తునుకలైనవి. ఆ తునుకలను ఏరి, ఏండ్లతరబడి కూర్చిరి. తమది యనుకొన్న దానికే మనుజులు అంత శ్రమపడుదురు.

మెదకు చర్చికి గాథిక్ శైలి ఇంగ్లండునుండి వచ్చినది. దానిని సంకల్పించినవాడు చార్లెస్ వాకర్ పాస్నెట్ అను ఆంగ్ల మిషనరీ. క్రీస్తు జననమును, సిలువను, ఆరోహణమును చూపు రంగుటద్దముల కిటికీలకు రూపకల్పన చేసిన ఫ్రాంక్ సాలిస్‌బరీయు ఆంగ్లేయుడే. ఇవన్నియు నిజమే. కాని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుగువరకు, ఏండ్లకొలది ఆ పనిలో చెమటోడ్చినవారు మెదకు ప్రాంతపు జనులు. కరవుకాలమున వారికి అన్నము పెట్టినది ఆ పనియే. సత్రము బాటసారికి చేయు మేలును ఆ చర్చి తన గోపురము లేవకముందే ఒక ప్రాంతమునకు చేసినది.

నూరేండ్లు దాటిన కట్టడమును ఇంకను అతిథిగ చూచుట తగదు. తెలుగువారి కళాచరిత్రను బోధించునపుడు లేపాక్షితోపాటు మెదకును చెప్పవలెను. ఆ కరవు పనుల ముచ్చట్లను తాతముత్తాతలనుండి విన్నవా రుండగనే వానిని వ్రాసి భద్రపరుపవలెను. అద్దములు పగిలిన పిమ్మట తునుకలు ఏరుకొనుటకంటె, నిలిచి వెలుగుచుండగనే మనవి యనుకొనుట మేలు.