పంట కట్టె, బెండ్లలోని జైలాన్‌పై మెట్ట రైతుల సభ తీర్మానం

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల మెట్ట రైతులు, కౌలుదార్లు, వ్యవసాయ కూలీలు, కళాశాలల్లో రసాయనశాస్త్రం బోధించే అధ్యాపకులు కలిసి కూర్చున్న ఈ సభ, విషయాన్ని అన్ని వైపుల నుంచీ చర్చించి ఈ తీర్మానం చేస్తున్నది.

నేలపై పెరిగే మొక్కల్లోని చక్కెర గొలుసుల్లో సెల్యులోజ్ తర్వాతి స్థానం జైలాన్‌దే. దాన్ని విడగొడితే జైలోజ్ అనే చక్కెర, ఆ చక్కెర నుంచి చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ వస్తాయి. గొలుసును చిన్న ముక్కలుగా తెంచితే పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులకు అవి ఆహారమవుతాయి. ఆమ్లంతో కాస్తే ఫర్‌ఫ్యూరల్ అనే రసాయనం దిగుతుంది. అమెరికాలో క్వేకర్ ఓట్స్ కంపెనీ 1922లోనే ఓట్ల పొట్టు నుంచి ఫర్‌ఫ్యూరల్ తీసి అమ్మకానికి పెట్టింది. చైనాలో జైలిటాల్‌కు ప్రధాన ముడిసరుకు మొక్కజొన్న బెండ్లు. కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద మన కళ్లాల్లో అవే బెండ్లు కుప్పపోసి తగలబెడుతున్నాం. ఇది ఆగాలని సభ గట్టిగా కోరుతున్నది.

జైలాన్ తీసే పద్ధతిని అధ్యాపకులు సభ ముందే చేసి చూపారు. ఎండిన బెండ్లను పొడిచేసి, జల్లించి, కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి కాచారు. గుడ్డలో వడకడితే ముదురు గోధుమరంగు ద్రవం దిగింది. అందులో ఆమ్లం కలిపి క్షారగుణం తగ్గించి, ఆల్కహాల్ పోయగానే విరిగిన పాలలా తెల్లని తునకలు అడుగుకు చేరాయి. అదే జైలాన్. ఎండు బెండు బరువులో సుమారు మూడో వంతు ఇదే ఉంటుంది. పత్తి కట్టెలో అంతకన్నా తక్కువ.

కాబట్టి జైలాన్ తీసే పని బెండ్లతోనే మొదలుపెట్టాలని తీర్మానించడమైనది. ఒలిచే యంత్రం దగ్గర అవి ఒకేచోట పోగవుతాయి, పశువులు పెద్దగా ముట్టవు. రెండో విడతలో పత్తి కట్టె, కంది కట్టె తీసుకోవచ్చు. ఏరడం అయిపోయాక పత్తి కట్టెను చేలోనే వదిలేస్తే గులాబీ రంగు పురుగు మరుసటి పంటకు మిగులుతుంది గనుక, కట్టె తొలగితే ఆదోని, పత్తికొండ రైతుకు అదొక అదనపు మేలు.

జొన్న చొప్ప, కొర్ర గడ్డి, శనక్కాయ కట్టె మాత్రం ఏ కారణం చేతా ఫ్యాక్టరీకి పోకూడదు. వాటిలోనూ జైలాన్ ఉన్నమాట నిజం. అయితే వాన మొహం చాటేసిన ఏడు ఎద్దునూ బర్రెనూ నిలబెట్టేది ఆ మేతే. కరువు సీమలో మేతకు ధర కట్టి బయటికి పంపడాన్ని ఈ సభ ఒప్పుకోదు.

మహిళా కూలీలు ప్రతిపాదించిన సవరణను సభ ఆమోదించింది. పత్తి కట్టె ఇప్పటికీ చాలా ఇళ్లలో పొయ్యి కింది వంటచెరకు. చేను ఖాళీ చేసేవాళ్లు తమ ఇంటికి కావలసినంత తీసుకున్నాకే మిగతాది తూకానికి వెళ్లాలి. ఆ తూకం కూడా బండి లెక్కన కాక ఎండు బరువు మీద, రైతు కళ్లెదుట జరగాలి.

నీటి సంగతి మరింత కటువుగా చెప్పవలసి ఉంది. కాస్టిక్ సోడా కలిసిన నల్లనీరు కుందూలోకో, హంద్రీలోకో, పెన్నలోకో, కె.సి. కాలువలోకో వదిలితే ఈ పనికి అర్థం లేదు. క్షారాన్ని తిరిగి రాబట్టి మళ్లీ వాడే ఏర్పాటు చూపనిదే ఏ యూనిట్‌కూ అనుమతి ఇవ్వరాదు. క్షారం లేకుండా, అధిక పీడనంలో వేడినీటితోనే జైలాన్‌ను కరిగించే పద్ధతిని ముందు పరీక్షించాలి.

1906 నుంచి పనిచేస్తున్న, నరసింహ పత్తి రకాన్ని ఇచ్చిన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం మన చేల కట్టెల్లో జైలాన్ శాతాన్ని రకాలవారీగా తేల్చాలనీ, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం సంగ్రహణ ప్రయోగాలు చేపట్టి ఫలితాలను తెలుగులో రైతులకు అందించాలనీ సభ అభ్యర్థిస్తున్నది. ఈ తీర్మానం ప్రతులను ఆ మూడు సంస్థలకూ, మూడు జిల్లాల కలెక్టర్లకూ, కాలుష్య నియంత్రణ మండలికీ వచ్చే మొక్కజొన్న ఒలుపులు మొదలయ్యేలోగా పంపాలని నిర్ణయించడమైనది.