పీపా దగ్గరే పట్టుకోవాలి

తిరుత్తణి, నగరి, ఊత్తుకోట వైపు మనవాళ్లకు సరిహద్దంటే బస్సు మారే చోటు, అంతే. దగ్గు మందు ఈపక్క కొంటారు, ఆపక్క పిల్లాడికి పడతారు. లైసెన్సుకు మాత్రం సరిహద్దు ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం తయారీకి అనుమతి ఇచ్చేది ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రం. ఆ మందు తాగి ప్రాణం పోయేది ఎక్కడైనా కావచ్చు.

2025లో అదే జరిగింది. కాంచీపురం జిల్లాలోని శ్రీసన్ ఫార్మా తయారుచేసిన కోల్డ్రిఫ్ సిరప్ తాగి, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు 20 మందికి పైగా పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. తమిళనాడు అధికారులు నమూనా తీసి చూస్తే డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్టు తేలింది. ఉండదగ్గ పరిమితి 0.1 శాతం. అంటే సీసాలో దాదాపు సగం విషమే! కబురందిన వెంటనే అమ్మకం ఆపించారు, ఆ నెలలోనే లైసెన్సు రద్దు చేశారు. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ తనిఖీలో 300కు పైగా లోపాలు బయటపడ్డాయి. అన్ని లోపాలూ ఒక్క రాత్రిలో పుట్టుకొచ్చాయా?

అసలు విషం ఎలా చేరుతుందంటే, సిరప్‌లో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. మందులకు పనికొచ్చే రకం ఖరీదు ఎక్కువ, రంగులకూ ప్లాస్టిక్కుకూ వాడేది చవక. డైఇథిలీన్ గ్లైకాల్ కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, పైగా తియ్యన. పీపా ఒక వ్యాపారి నుంచి ఇంకో డీలరుకు చేతులు మారేకొద్దీ దానికి అంటించిన లేబులూ, నాణ్యత సర్టిఫికెట్టూ ఉత్త కాగితాలైపోతాయి. పాలు పలచగా ఉన్నాయని పాలాయన్ని నిలదీసే మనం, ఆ పీపా ఎక్కడిదని ఎవర్నీ అడగలేం. అడగాల్సింది ఫ్యాక్టరీ, చూడాల్సింది ఇన్‌స్పెక్టరు.

ఇది కొత్త రోగమేమీ కాదు. 1937లో అమెరికాలో ఇదే రసాయనం 100 మందికి పైగా బలి తీసుకుంది. 1986లో బొంబాయి జేజే ఆస్పత్రిలో కల్తీ గ్లిజరిన్ వల్ల 14 మంది పోయారు. 2022లో గాంబియాలో మన దేశపు సిరప్‌ల మీద వేలెత్తి చూపారు. దాంతో 2023 జూన్ 1 నుంచి ఎగుమతయ్యే దగ్గు మందుకు ప్రభుత్వ ల్యాబులో పరీక్ష తప్పనిసరి చేశారు. మంచిదే. మరి మన పిల్లలు తాగే సీసాకు? తయారీదారే పరీక్షించుకోవాలన్నది నిబంధన. ఛింద్వాడా తర్వాత కేంద్రం రాష్ట్రాలకు మళ్లీ అదే గుర్తుచేసింది. గుర్తుచేస్తే సరిపోతుందా?

ప్రతి పీపాకూ మూత తీసిన రోజే పరీక్ష జరగాలి. థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ లాంటి పద్ధతికి పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు. ఏ డీలరు ఎవరికి ఎన్ని పీపాలు అమ్మాడో లెక్క ఇన్‌స్పెక్టరు చేతిలో ఉండాలి. ఒక రాష్ట్రంలో బ్యాచ్ తప్పితే ఆ సాయంత్రానికల్లా పక్క రాష్ట్రంలోని మెడికల్ షాపుకు, ఆ ఊరి భాషలో కబురు చేరాలి. తిరుత్తణికి తెలుగులోనూ రావాలి, నగరికి తమిళంలోనూ రావాలి.

రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందు రాయొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పింది. అయినా అడిగితే చాలు, చీటీ లేకుండా ఇచ్చే షాపులకు మన సరిహద్దు ఊళ్లలో కొదవ లేదు. బిల్లడిగితే మొహం చిట్లిస్తారు. చిట్లించినా సరే, బ్యాచ్ నంబరు వేసిన బిల్లు తీసుకోండి. రేపు ఫలానా బ్యాచ్ ఆపమని కబురొస్తే, ఆ సీసా ఎవరింట్లో ఉందో వెతకడానికి ఆ ఒక్క కాగితమే ఆధారం.