క్లచ్చు జారితే... పెరట్లోనే వైద్యం!

ఇంజిన్ గొంతు చించుకుంటోంది. ఎక్సలేటర్ ఎంత తొక్కినా బండిది నత్తనడకే. పైగా ఏదో మాడిన వాసన. ఘాట్ రోడ్డు మలుపులో ఈ మూడూ ఒక్కసారే ఎదురయ్యాయంటే... క్లచ్చు అరిగిపోయినట్టే!

మన దేశంలో మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విల్లీస్ జీపులు బిగించడం మొదలెట్టింది. 1985లో మారుతి జిప్సీ, 2010లో థార్ వచ్చాయి. అరకు, పాడేరు కొండల్లో మనుషుల్నీ సంత సరుకునీ మోసే పాత జీపులకైనా, కుర్రాళ్లు సరదాగా బురదలో తిప్పే కొత్త బళ్లకైనా ఈ జబ్బు తప్పదు. చేతిలో పానాలు, పక్కన ఇద్దరు మనుషులు, ఒక రోజు తీరిక ఉంటే పాత జీపుకి ఇంటి దగ్గరే వైద్యం చేసుకోవచ్చు.

ఇంతకీ ఏమిటీ క్లచ్చు?

రెండు అరచేతుల మధ్య అప్పడాన్ని గట్టిగా నొక్కి పట్టుకున్నట్టు ఊహించుకోండి. ఒక చెయ్యి ఇంజిన్‌తోపాటు తిరిగే ఫ్లైవీలు. రెండో చెయ్యి ప్రెషర్ ప్లేటు. మధ్యలో అప్పడం... క్లచ్చు ప్లేటు. పెడల్ తొక్కితే చేతుల పట్టు వదులవుతుంది, గేరు మారుతుంది. ప్లేటు మీది లైనింగు అరిగితే పట్టు చిక్కదు, జారిపోతుంది.

అనుమానం తీరాలంటే బండిని చదునైన చోట ఆపి, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగండి. మూడో గేరులో మెల్లగా క్లచ్చు వదలండి. ఇంజిన్ ఆగిపోతే బాగున్నట్టు. తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదే పదే చేస్తే ఉన్న ప్లేటూ కాలిపోతుంది.

ప్రాణం ముందు... ప్లేటు తర్వాత

ఈ పనిలో ఎక్కువ కష్టం క్లచ్చుది కాదు, దాని వెనకున్న గేర్‌బాక్సుది. ట్రాన్స్‌ఫర్ కేసుతో కలిపి అది దాదాపు మనిషంత బరువు. అందుకే ఒంటరిగా దిగొద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు అడ్డు వెయ్యాలి. ఇటుకలు పేర్చి నెట్టుకొచ్చేద్దామంటే కుదరదు, అవి పగిలిపోతాయి.

మొదట బ్యాటరీ తీగ విప్పాలి. తర్వాత గేరు రాడ్లు, ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు. ఇంజిన్ వెనక భాగానికి చెక్కదిమ్మె వేసి జాకీ ఆనించి, కింది క్రాస్‌మెంబరు తీయాలి. గేర్‌బాక్సుని తిన్నగా వెనక్కి లాగాలి. దాని బరువు ప్లేటు మీద వేలాడితే మధ్యలోని హబ్బు వంగిపోతుంది.

లోపల కనిపించే నల్లటి పొడిని నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఊపిరితిత్తులకు అది చాలా చేటు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవాలి. ఆ చుట్టుపక్కలకు పిల్లల్ని రానివ్వొద్దు.

చూడాల్సినవి నాలుగు!

ప్రెషర్ ప్లేటు బోల్టుల్ని ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఫ్లైవీలు మీద గీతలు, నీలి మచ్చలు ఉంటే లేతు షెడ్డులో చూపించాలి. రిలీజ్ బేరింగు గరగరలాడితే మార్చేయడమే మేలు. ఫ్లైవీలు మధ్యనున్న పైలట్ బేరింగునీ చూడాలి. ఇక ప్లేటుకి నూనె అంటిందంటే ఎక్కడో సీలు కారుతోందన్నమాట. అది మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే, కొద్ది రోజులకే మళ్లీ మొదటికొస్తుంది కథ.

కొత్త ప్లేటు ఎటువైపు తిరిగి ఉండాలో పాతదాన్ని చూసి గుర్తుపెట్టుకోవాలి. పాత గేర్‌బాక్సు షాఫ్టు ముక్కతో దాన్ని సరిగ్గా మధ్యకు తెచ్చి, అప్పుడు బోల్టులు బిగించాలి. గేర్‌బాక్సు పూర్తిగా లోపలికి వెళ్లకపోతే బోల్టులతో బలవంతంగా లాగొద్దు, పోత ఇనుము చెవులు విరుగుతాయి. కాస్త వెనక్కి తీసి, షాఫ్టు తిప్పి మళ్లీ కలపాలి.

ఆఖర్న పెడల్‌కి మాన్యువల్ చెప్పినంత ఖాళీ ఆట ఉంచాలి. అది లేకపోతే కొత్త ప్లేటూ జారడం మొదలెడుతుంది. తొలి కొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువ బరువులు, నిటారు కొండలు వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం... ఎత్తులో ఆగినప్పుడు సగం క్లచ్చు మీద బండిని నిలబెట్టకుండా హ్యాండ్‌బ్రేకు వాడాలి. బురదలో, రాళ్లలో లో గేరు వెయ్యాలి. క్లచ్చు ఎన్నేళ్లు మన్నుతుందో కంపెనీవాళ్ల కన్నా డ్రైవరు ఎడమకాలే బాగా చెబుతుంది మరి!